నాన్న కూడికలో నా ప్రార్థన

నాన్న పోయి ఏడాదైంది. ఉయ్యూరు ఇంట్లో ఆ సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారి వాక్యం, పెద్దకొడుకుగా నా ప్రార్థన, తర్వాత భోజనాలు. మా చర్చివాళ్ళ ఇళ్ళల్లో పద్ధతి అది.

ఖర్మకొద్దీ అదే రోజు హోలీ. వన్ టౌన్‌లో నేను పనిచేసే ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు రాజస్థానీ వాళ్ళది. మధ్యాహ్నం సేఠ్‌గారు భంగు లడ్డూల పళ్ళెం తెచ్చి, "గంజాయాకు రుబ్బి చేసినవండి. ఒక్కటే తినండి, మెల్లగా ఎక్కుద్ది" అన్నారు. మొహమాటానికి ఒకటి తిని, ఇంకోటి కాగితంలో చుట్టుకున్నాను. బస్సెక్కాక కూడా ఏమీ అనిపించలేదు. ఓస్, ఇంతేనా అనుకుని కంకిపాడు రాకముందే రెండోదీ లాగించేశాను. పొద్దుట్నించీ ఖాళీ కడుపు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే!

ఇల్లు చేరిన కాసేపటికి నాలుక పిడచకట్టుకుపోయింది. గుండె దడదడలాడుతోంది. పాస్టరుగారి మాటకీ మాటకీ మధ్య ఎంతోసేపు గడుస్తున్నట్టుంది. నా వంతు వచ్చింది. లేచి కళ్ళు మూసుకున్నాను. అంతే, నాన్న పోయిన సంగతే మర్చిపోయాను.

"ప్రభువా, మా నాన్న మంచం మీదున్నాడయ్యా. అన్నం ముట్టట్లేదయ్యా. త్వరగా లేపయ్యా" అని మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. గదినిండా వెక్కిళ్ళు. అమ్మ వచ్చి నన్ను పట్టుకుని బావురుమంది.

నర్సుగా చేసే నా భార్యకు మాత్రం అనుమానం వచ్చింది. వెనకగదిలోకి తీసుకెళ్ళి, ఎర్రబడ్డ కళ్ళు చూసి, నాడి పట్టుకుంది.

"ఏం తిన్నారు? నిజం చెప్పండి."

చెప్పాను. "చచ్చిపోతున్నానే" అని వణికిపోయాను.

"ఏం కాదు. డోసు ఎక్కువైంది, దిగడానికి టైం పడుద్ది. గుండెల్లో నొప్పొస్తే చెప్పండి, హాస్పిటల్‌కి పోదాం. మంచినీళ్ళు తాగి పడుకోండి, నేనిక్కడే ఉంటా."

లైటు తీసేసి పక్కనే కూర్చుంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బయట భోజనాల దగ్గర ఎవరో, "తండ్రంటే ఎంత ప్రాణమండీ ఆ అబ్బాయికి" అంటున్నారు. సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

మర్నాడు తల దిమ్ముగానే ఉంది. అమ్మకి చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. నాకు ఇడ్లీలు పెడుతూ అమ్మే ముందు నోరు విప్పింది.

"మీ నాన్న పోయినప్పుడు నువ్వు కన్నీటిచుక్క రాల్చలేదురా. ఏడాదిగా నాకదే దిగులు. వీడికి ఆయనంటే ఏమీ లేదేమో అనుకున్నా. నిన్నటితో నా మనసు నిమ్మళించింది."

"అమ్మా..." అన్నాను. ఎలా చెప్పను?

"నిన్నటిలాగే ఇవాళా నువ్వే ప్రార్థన చెయ్యరా" అంటూ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

నేనూ తల వంచాను. నాన్న గురించి ఒక్క మాటైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. చాలాసేపు ఆగి, అమ్మే "ఆమెన్" అంది.