పదహారు పెట్టెల పిన్నులు

ఆ పార్కులో జెయింట్ వీల్ చూసుకునే మెకానిక్‌ని అందరూ చాదస్తం మాస్టారు అనేవారు. ఆయనకూ తెలుసు, కానీ పట్టించుకునేవాడు కాదు. ఇంట్లో తలుపు కీచుమంటే నూనె చుక్క వేసేదాకా అన్నం సహించని మనిషి. "నన్ను కూడా నెలకోసారి విప్పి, తుడిచి, బిగిస్తాడేమో!" అని భార్య నలుగురిలో నవ్వేది. ఆవిడది ఆ చక్రం దగ్గరే టిక్కెట్లు అమ్మే ఉద్యోగం.

చక్రానికి పదహారు పెట్టెలు. ఒక్కో పెట్టె అటొకటి ఇటొకటి, రెండు ఇనప పిన్నుల మీద వేలాడుతుంది. మాస్టారు నెలకో రోజు చక్రం ఆపి, పిన్నులన్నీ లాగి, తుడిచి, అరిగాయేమో కొలిచి, గ్రీజు పెట్టి మళ్ళీ ఎక్కించేవాడు. ఏడేళ్ళలో ఒక్కటీ విరగలేదు. కొత్తగా వచ్చిన మేనేజరు సరిగ్గా ఆ మాటే పట్టుకున్నాడు.

"ఏడేళ్ళుగా ఏమీ కాలేదంటే మెషీను గట్టిదన్నమాట. ఇంక నెలనెలా ఆపడం దేనికి? చెడినప్పుడు పిలుస్తాం."

ఏమీ కాకపోవడం తన రెక్కల కష్టమని మొత్తుకున్నా వినే నాథుడు లేడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పది నెలలు పళ్ళు నూరుకుంటూనే గడిపాడు.

సెలవురోజు పొద్దున, గేట్లు తీయకముందు ఖాళీ చక్రం తిప్పి చూస్తుంటే తొమ్మిదో పెట్టె మూలిగింది. పిన్ను లాగి చూశాడు. తుప్పు పట్టి, ఒక పక్క సగానికి అరిగిపోయింది. దాన్ని పట్టుకుని ఊగిపోతూ మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఒక్క పెట్టె ఖాళీగా వదిలేసి తిప్పవయ్యా. బయట జనాన్ని చూశావా?"

"మిగతావి విప్పి చూడకుండా తిప్పను సార్."

"అయితే రేపట్నించి నువ్వూ రానక్కర్లేదు, మీ ఆవిడా రానక్కర్లేదు."

ఇంట్లో ఉన్నవే ఆ రెండు జీతాలు. మాస్టారు టిక్కెట్ల కిటికీ వైపు చూశాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దని రోజూ పోరే మనిషి ఆవిడ. అంతా విన్నది. కిటికీ రెక్క దభీమని మూసి బయటికొచ్చింది.

"మీరు విప్పండి. టిక్కెట్ లేకుండా ఎవరెక్కుతారో నేను చూస్తాను."

ఒక్కో పెట్టెనూ కిందికి తెచ్చి, దుంగల మీద ఆనించి, పిన్నులు తీయడం మొదలుపెట్టాడు. గేట్లు తెరిచారు. జనం వచ్చి చక్రం చుట్టూ మూగి గోల చేశారు. మేనేజరు వాళ్ళకంటే గట్టిగా అరిచాడు. పదకొండో పెట్టె పిన్నును సుత్తితో తట్టగానే అది రెండు ముక్కలై కింద పడింది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. తన మాటే నెగ్గిందన్న సంతోషం మాస్టారికి ఇసుమంతైనా కలగలేదు. ఆ ముక్కలు తీసి వాడి మొహాన కొట్టాలనిపించింది. సుత్తి పట్టుకుని పన్నెండో పెట్టె దగ్గరికి నడిచాడు.

ఇదేమీ తెలియని ఒక తండ్రి వెనకనుంచి ముందుకు తోసుకొచ్చాడు. "గంటనుంచి పిల్లలు ఏడుస్తున్నారు! అసలు తిప్పుతారా, లేదా?"

మాస్టారు భార్య అతని మీదికి గయ్యిమని లేచింది.

"ఏడవనివ్వండి! ఏడ్చే పిల్లల్నైతే ఇంటికి తీసుకెళ్ళొచ్చు."