ఒక్క లైను తప్పు లేకుండా

టైపు మిషన్లు పాత ఇనుప సామాను కింద వెళ్ళిపోయాయి. వాటితో పాటు వాటితో కుస్తీ పట్టిన మనుషుల సంగతులు కూడా పోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1994లో చిక్కడపల్లిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవాణ్ణి. నా బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆ మాట గర్వంగానే చెప్తాను.

ఆ ఏడు కవాడిగూడ నుంచి సరోజమ్మ చేరింది. భర్త సర్వీసులో ఉండగా పోతే ఆయన ఆఫీసులో ఈమెకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. ఒక షరతు పెట్టారు: రాబోయే లోయర్ పరీక్ష పాసు కావాలి. లోయర్ అంటే నిమిషానికి ముప్పై మాటల వేగం. తప్పితే అటెండరు పనికి మారుస్తారు.

ఆమె పక్క మిషన్ మీద అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాడు నర్సింహ లోయర్ పైన ఉండే హయ్యర్ పరీక్షకు కొట్టేవాడు. టైపు హాల్లో కొత్తవాళ్ళందరూ చేసే తప్పే ఆమె కూడా చేసింది. పక్కవాడి టకటకను అందుకోబోయి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడేసేది.

"అక్కా, నాతోని రేసెందుకే? నా కాళ్ళు కాదు, వేళ్ళు ఉరుకుతున్నయ్" అని నర్సింహ నవ్వేవాడు.

"నువ్వు జర సప్పుడు తక్కువ చెయ్యి, గదే సాలు" అనేది ఆమె.

ఒకరోజు కాగితం లాగి నలిపేసింది. "నాతోని అయితలేదు సార్. అటెండరు పనే చేసుకుంట."

"ఆ పని తక్కువని కాదమ్మా. అయ్యేదాన్ని ఎందుకు ఇడిసిపెడ్తవ్?" అన్నాను.

అప్పుడు నేను చదివిన కొండలెక్కేవాళ్ళ పుస్తకం గుర్తొచ్చింది. వాళ్ళు పొద్దున శిఖరానికి బయలుదేరరు, తర్వాతి గుడారానికి బయలుదేరతారు. ఆమెను మూల మిషన్‌కు మార్చి గడియారం వైపు వీపు పెట్టించాను. లైను చివరికొస్తుంటే మిషన్‌లో చిన్న బెల్లు మోగుతుంది. "బెల్లు మోగేదాక ఒక్క తప్పు పడొద్దు. గంతే నీ పని."

"ఒక్క లైనా? సిన్నపిల్లల ఆట లెక్కుంది."

"కొట్టి సూపెట్టు, అప్పుడు నవ్వు."

ఆ రోజు కొట్టలేకపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత బెల్లు మోగింది. లైను శుభ్రంగా ఉంది. నేను రెండు లైన్లు చాలన్న రోజున, "పేరా ఇయ్యిర్రి సార్, సూస్త" అంది. తప్పులు తగ్గాక మళ్ళీ గడియారం ముందుకు, నర్సింహ పక్కకు తెచ్చి కూర్చోబెట్టాను. ఈసారి ఆమె తన వేగంతోనే కొట్టింది.

అప్పట్లో పరీక్షకు ఎవరి మిషన్ వాళ్ళే మోసుకుపోవాలి. రిక్షాలో నర్సింహ ఒళ్ళో పెట్టి నారాయణగూడలోని సెంటర్‌కు తీసుకెళ్ళాము. నేను గేటు బయటే నిలబడ్డాను.

పరీక్ష రాసి వచ్చీ రాగానే, "మీ మిషన్ మూగదయింది సార్!" అంది. దారి గుంతల్లో ఎక్కడో బెల్లు ఊడిపోయిందన్నమాట.

"మరి ఏం జేసినవ్?"

"మొదటి లైన్ ఆఖర్ల కీ బిర్రుగ పట్టేసింది. అప్పుడు సమజైంది బెల్లు లేదని. అటెన్క లైన్ ఎక్కడ అయితదో చెయ్యికే తెలిసింది. ఏడా ఆగలే."

పాసైంది. ఫస్టు క్లాసు కాదు, మామూలు పాసే. ఉద్యోగం నిలిచింది.

గురి మరీ దగ్గరుంటే చెయ్యి నిద్రపోతుంది, మరీ దూరముంటే వణుకుతుంది. మొదటి గురి ఎదుటివాళ్ళు పెట్టవచ్చు. తర్వాతివి ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలి. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆమె దగ్గర నేర్చుకున్నాను.

కుదుపులకు మిషన్ పట్టుకుని కూర్చున్న నర్సింహకు, రిక్షా యూసుఫ్ భాయ్‌కి, తర్వాత బెల్లు బాగుచేసిన రాంనగర్ మెకానిక్ సత్తయ్యకు, పుస్తకం వెతికి ఇచ్చిన గ్రంథాలయం లక్ష్మీబాయి గారికి నా కృతజ్ఞతలు. సరోజమ్మకు మరీనూ. ఫలితం వచ్చిన సాయంత్రం నా చేతిలో లడ్డూ పెడుతూనే అడిగింది: "హయ్యర్‌కు రేపటి సంది రావాల్నా సార్?"