రాని తేనెటీగలకు కృతజ్ఞతా కూడిక

నేను ఇన్నేళ్లలో చేసిన పొరపాట్లన్నింటినీ వరుసగా నిలబెడితే ఆ వరుస చొప్పదండి నుంచి కరీంనగర్ దాకా సాగుతుంది. ఆ వరుసకు ముందు జెండా పట్టుకుని నడిచేది మాత్రం ఇదే. మనసారా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా చర్చి సంఘంవాళ్లు పదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. కొత్తగా మీరూ చేరితే పోవడానికి నా దగ్గర పరువేమీ మిగల్లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో మాకు కాస్త పొలం, ఒక బావి, రెండు బర్రెలు ఉండేవి. కరీంనగర్‌లో మూడు రోజులు తేనెటీగల పెంపకం నేర్పుతున్నారంటే వెళ్లి నేర్చుకొచ్చాను. ఈగలను కొనక్కర్లేదని, పిలిస్తే అవే వస్తాయని అక్కడి సారు చెప్పాడు. మామిడి పూత కాలంలో గూడు ఇరుకైతే సగం ఈగలు రాణిని వెంటబెట్టుకుని కొత్త ఇంటి కోసం గుంపుగా బయలుదేరుతాయట. చెక్కపెట్టె మూత లోపల పాత మైనం రుద్ది, నిమ్మగడ్డి నూనె మూడు చుక్కలు పూసి నీడలో పెడితే, ముందు నాలుగైదు ఈగలు వచ్చి ఇల్లు చూసుకుపోతాయి. నచ్చితే గుంపంతా దిగుతుంది.

"నచ్చితే" అన్న మాట నేను నోటుబుక్కులో రాసుకోలేదు.

పెరట్లో పెట్టె పెట్టి, ప్రార్థన చేసి, ఎదురుగా కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం నిజంగానే ఐదు ఈగలు వచ్చాయి. అద్దె ఇల్లు చూడటానికి వచ్చిన మొగుడూ పెళ్లాల్లా లోపలికి దూరి, మూలమూలా తడిమి, ఏ సంగతీ తేల్చకుండా వెళ్లిపోయాయి.

మరునాడు ఆదివారం. మా గుడిలో, అంటే చర్చిలో, ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును లేచి అందరి ముందు చెప్పాలి. అడిగింది చేతికి రాకముందే, వచ్చిందని నమ్మి స్తుతించడం కూడా మాలో ఉంది. పెద్దవాళ్లు ఆ పనిని తలుపేసుకుని, మోకాళ్ల మీద చేస్తారు. నేను నిలబడి, మైకులో చేశాను.

"దేవునికి స్తోత్రం! నా పెట్టెకు తేనెటీగలు వచ్చినయి!"

వస్తాయని నమ్ముతున్నాను అని చెబుదామనే లేచాను, ఒట్టు... మాలో ఒట్టు పెట్టుకోకూడదు గానీ, నిజం. మైకు చేతికి వచ్చేసరికి "నమ్ముతున్నాను" ఎక్కడో జారిపోయింది.

"ఎన్నున్నయి సమేలూ?" అయ్యగారు సంతోషంగా అడిగారు. మా పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలుస్తాం.

"మస్తున్నయి అయ్యగారూ! పెట్టె నిండ!"

ఐదు ఈగలు మైకులో దూరి బయటికి వచ్చేసరికి పెట్టె నిండిపోయాయి.

"హల్లెలూయా! గురువారం పొద్దుమీకి నాలుగింటికి సమేలు ఇంట్ల కృతజ్ఞతా కూడిక. అందరం గా పెట్టె కాడనే కూసుందాం. ఆశీర్వాదమన్న పెట్టె మీద చెయ్యి పెట్టి స్తుతి ప్రార్థన చేస్తడు" అని అయ్యగారు ప్రకటించారు.

నా గుండె అక్కడే బెంచీ కింద పడిపోయింది. ఆశీర్వాదం అంటే మా బాపు, నన్ను కన్న తండ్రి. సంఘ పెద్ద. గట్టు తగాదా వస్తే వేరే మతం వాళ్లు సైతం "ఆశీర్వాదం ఏం చూసిండో చెప్పుమను, సాలు" అనేవాళ్లు. చూడనిది చూశానని ఆయన ఏనాడూ అనలేదు. అలాంటి మనిషి ఖాళీ పెట్టె మీద చెయ్యి పెట్టి, లేని ఈగల కోసం దేవుడికి వందనాలు చెప్పాలి! నా అబద్ధం నా దగ్గరే ఉంటే ఎలాగో మింగేవాణ్ని. అది బాపు నోటి నుంచి ప్రార్థనై పైకి వెళ్లబోతోంది.

దారిలో బాపు అడిగాడు. "ఎప్పుడచ్చినయిరా?"

"శనివారం బాపు." అది నిజమే. ఎన్ని అని ఆయన అడగలేదు.

"జర సూపెట్టు మరి."

"ఇప్పుడే మూత తీస్తే బెదురుతయి బాపు."

"సరే తియ్. గురువారమే చూస్త."

సోమవారం ఒక్క ఈగా లేదు. మూడు చుక్కలకు ఐదు వస్తే సీసాకు ఎన్ని వస్తాయో లెక్కేసుకుని, సీసా మొత్తం మూతకు పూసేశాను. చీమలు వచ్చాయి.

"గిదేం వాసనరా, సబ్బుల కార్ఖానా లెక్క!" అంటూ అవ్వ, అంటే మా అమ్మ, ముక్కు మూసుకుంది.

"ఈగలకు మంచిదవ్వా."

"మరి ఒక్కటి సుత బయట తిరుగుతలేదేంది?"

"లోపల పనిల ఉన్నయి."

"గంత పనిమంతులా! గవాటిని చూసన్న నేర్చుకో బిడ్డా."

మంగళవారం నాకు అన్నం సహించలేదు. కంచం మీద వాలిన మామూలు ఈగను కూడా కాసేపు ఆశగా చూశాను. బాపుకు చెప్పేద్దామని రెండుసార్లు పొలం దాకా వెళ్లాను. మొదటిసారి వానల గురించి అడిగి వచ్చేశాను. రెండోసారి అడగడానికి వానలు కూడా మిగల్లేదు.

బుధవారం పొద్దున దేవుడు తలుపు తెరిచాడనుకున్నాను. పక్కనున్న పటేల్ మామిడితోటలో ఒక గుంపు దిగింది. చేతికందే కొమ్మకు, ఆరేసిన తడి గొంగడిలా వేలాడుతోంది. బుట్ట పట్టుకుని పరుగెత్తాను.

"ఏంది సమేలూ, నీ పెట్టె నిండ ఉన్నయట గదా! ఇంక గివెందుకు?" అన్నాడు పటేల్.

"వాటికి... తోడు పటేలా."

"ఈగలకు తోడా! మీ గుడిల ఈగలకు సుత సంఘం పెడుతుండ్రా ఏంది? తీస్కపో, తీస్కపో. మా కూలోళ్లు పరేషాన్ అయితుండ్రు."

బుట్ట కింద పెట్టి కొమ్మను ఒక్క ఊపు ఊపాను. సగం ఈగలు బుట్టలో పడ్డాయి, మిగతా సగం నా కాలరులో. ఏడు చోట్ల కుట్టించుకుని, బుట్టకు గుడ్డ కప్పి, ఇంటికి పరుగెత్తి పెట్టెలో గుమ్మరించాను. గంటలో అవన్నీ బారులు తీరి తోటకే తిరిగి వెళ్లిపోయాయి. రాణి కొమ్మ మీదే ఉండిపోయిందట. పెళ్లికూతురిని గుడిలోనే మరిచి చుట్టాలను మాత్రం బస్సెక్కించుకొచ్చిన పెళ్లివారిలా ఉంది నా పని. మళ్లీ వెళ్లేసరికి గుంపు చిటారు కొమ్మకు మారింది.

గుమ్మడికాయలా వాచిన నా ముఖాన్ని చూసి అవ్వ లబలబలాడింది. ఆ వెంటనే వాడంతా తిరిగి "మా పోరని మొకం చూస్తేనే తెలుస్తలేదా, పెట్టె నిండ ఎన్నున్నయో!" అని చెప్పి వచ్చింది. అబద్ధానికి ఇప్పుడు రుజువు కూడా దొరికింది.

గురువారం నాలుగింటికి పెరడు నిండిపోయింది. చాపల మీద సంఘమంతా, కుర్చీలో అయ్యగారు, పెట్టె పక్కన తెల్ల బట్టల్లో బాపు. ముందు వరుసలో కూర్చున్న శాంతమ్మ అత్త పెట్టె వైపు చెవి పెట్టింది. ఆమె చెవికి మా వాడలో దాగేది ఏదీ లేదు.

"జర గుయ్యిమని సుత అంటలేవేందిరా?"

"కూడిక గదా అత్తా, నిమ్మళంగున్నయి."

"మన సంఘపోళ్లకన్న నయం!"

పాట అయింది. బాపు పెట్టె మీద చెయ్యి పెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తప్ప.

బాపు ప్రార్థనకు ఒక వరుస ఉంటుంది. పుట్టినప్పటి నుంచి వింటున్నాను గనక నాకు కంఠతా వచ్చు. ముందు అయ్యగారు, తర్వాత సంఘం, జబ్బున పడ్డవాళ్లు పేరుపేరునా, ఆపైన వానలు, బావి, బర్రెలు. కొత్తగా దొరికిన మేలు చిట్టచివర. సుల్తానాబాద్‌లో ఉన్న మా మేనత్త మోకాలి నొప్పి దగ్గరికి వచ్చాడు. ఆమె రెండో మోకాలిని కూడా తలుచుకుంటాడేమోనని ఆశపడ్డాను. తలుచుకోలేదు. వానలు అయిపోయాయి. బావి అయిపోయింది. నల్లబర్రె అయిపోయింది. దేవా, ఆ కొమ్ము విరిగిన బర్రె గురించైనా కాస్త ఎక్కువసేపు చెప్పించు అని వేడుకున్నాను. అదీ అయిపోయింది.

"ప్రభువా, గీ పెట్టెలున్న..."

"బాపూ, ఆగు!"

మా ఇంట్లో బాపు ప్రార్థనను అంతకుముందు ఎవరూ ఆపలేదు. కళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

"పెట్టెల ఏం లేవు బాపు. ఒక్క ఈగ సుత లేదు. గుడిల నేను అబద్ధం చెప్పిన. నువ్వు చెప్పకు."

బాపు పెట్టె మీది చెయ్యి తీసి ఒక్క అడుగు వెనక్కి జరిగాడు. ఆ ఒక్క అడుగు ఏడు ఈగల కన్నా ఎక్కువ కుట్టింది.

"కావాల్నంటే చూడుండ్రి" అంటూ మూత ఎత్తి, ఈగలుంటే వేలాడేది దానికే గనక, లోపలి వైపు అందరికీ కనిపించేలా తలపైన పట్టుకున్నాను.

అప్పుడే మామిడితోట వైపు నుంచి హోరు వినిపించింది. మీరు ఊహించింది నిజమే. ఇల్లు నచ్చిందని ఈగలు తేల్చుకున్న ముహూర్తం అదే! ఆకాశం గోధుమరంగు పులుముకుంది. సీసాడు నూనె తాగిన మూత వాటికి మహా నచ్చినట్టుంది. దాని మీద వాలి, అక్కడి నుంచి నా రెండు చేతుల మీదుగా మోచేతుల దాకా దిగాయి. ఇల్లు మారే ఈగలు సాధారణంగా కుట్టవని సారు చెప్పాడు. "సాధారణంగా" అన్న మాట ఆ క్షణంలో గుర్తుకు రాకుండా ఉంటే ఎంత బాగుండేది!

"ఉరకకుండ్రి! ఎక్కడోళ్లక్కడ కూసోండ్రి!" అని అయ్యగారు కేక వేశారు.

శాంతమ్మ అత్త కొంగు సందులోంచి చూసింది. "ఓరి అబద్ధాలోడా! గిన్ని పెట్టుకొని లేవంటవారా!"

"లేకుండె అత్తా! ఇప్పుడే వచ్చినయి!"

"గిన్ని ఈగలు ఒక్క నిమిషంల వస్తయా? ఎవలకు చెప్తున్నవ్?"

అబద్ధం చెప్పిన రోజు అందరూ నమ్మారు. నిజం చెప్పిన రోజు ఈగలే వచ్చి నన్ను అబద్ధాలకోరును చేశాయి.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ప్రార్థన సగంల ఆగింది. ఆశీర్వాదమన్నా, మొదటి సంది కానియ్యి."

"బాపూ, చేతులు గుంజుతున్నయి!" అన్నాను.

"గుంజనీ. కదలకు" అని బాపు కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ అయ్యగారు. మళ్లీ సంఘం. మేనత్త మోకాలు. ఈసారి రెండో మోకాలు కూడా. వానలు, బావి, నల్లబర్రె, కొమ్ము విరిగిన బర్రె. ఎప్పుడెప్పుడు ఈగల దాకా వస్తాడా అని ఇప్పుడు నేనే తొందరపడుతున్నాను. చివరికి వచ్చాడు.

"ప్రభువా, గీ ఈగల కొరకు వందనాలు. గివి ఈ దినమే, నాలుగు దాటినంక వచ్చినయి. నేను కండ్లార చూసిన. ఆదివారం సంగతి మాత్రం నాకెర్క లేదు తండ్రీ. అది మా సమేలే నీతోని చెప్పుకుంటడు. ఆమెన్."

సంఘమంతా ఆమెన్ అంది. అందరి కన్నా గట్టిగా అన్నది నేనే. మూత దించుకోవచ్చు గనక.

ఒట్టు పెట్టుకోకూడదు కాబట్టి, పాఠకులారా, మీ అందరి ఎదుట గంభీరంగా మాట ఇస్తున్నాను. ఈ ప్రాణం ఉన్నంతవరకు, రానిది ఏదీ వచ్చిందని ఈ నోటితో అనను. మొన్న మంచిర్యాల బస్టాండులో మా ఆవిడ "బస్సచ్చిందా?" అని అడిగింది. ఎదురుగా బస్సు కనిపిస్తున్నా నేను తొందరపడలేదు. దగ్గరికి వెళ్లి బోర్డు చదివి, కండక్టరును అడిగి రూఢి చేసుకుని, వెనక్కి వచ్చి నిదానంగా చెప్పాను, వచ్చిందని.

అప్పటికి అది వెళ్లిపోయింది.