సుబ్బులమ్మ వట్టి డబ్బా

గిద్దలూరు దగ్గర మామిడితోట ఒకటుంది. కాగితాల్లో అది రంగయ్యది, పెత్తనం మాత్రం ఆయన భార్య సుబ్బులమ్మది. పొరుగువాళ్ల గిన్నె ఏదైనా ఆమె ఇంటికి వచ్చిందంటే వట్టిగా తిరిగి వెళ్లదు. గుప్పెడు కందిపప్పో, అదీ లేకపోతే రెండు ఎండు మిరపకాయలో వేసి పంపాల్సిందే. ఊళ్లో సగం మంది కూర పంపేది అందుకేనని రంగయ్య అనుమానం.

ఈ వేసవిలో పరిశోధన కేంద్రం నుంచి అంజలి వచ్చింది. కాయలో గుడ్లు పెట్టి పురుగు పట్టించే పండు ఈగ ఏ వాసనకు ఎక్కువగా వస్తుందో తేల్చడం ఆమె పని. పక్కనే తోడికోడలు సరోజమ్మ తోట ఉన్నా, ఆ పిల్ల సుబ్బులమ్మ తోటనే ఎంచుకుంది. ఆ రోజు నుంచి సుబ్బులమ్మ నడకే మారిపోయింది.

మూడు చెట్లకు మూడు ప్లాస్టిక్ డబ్బాలు కట్టారు. ఒకదానిలో కొన్న ఎర, ఒకదానిలో తులసి రసం. మూడోది వట్టిది.

"దీంట్లో ఏమీ ఉండకూడదు పెద్దమ్మా. ఎర లేకుండా ఎన్ని పడతాయో తెలియాల కదా."

సుబ్బులమ్మ తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

వారం పోయాక అంజలి మూడో డబ్బా మూత తీసింది. లోపల గండుచీమలు, కందిరీగలు, ఇంటి ఈగలు. వాటి మధ్య సగం కరిగిన బెల్లం ముక్క.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"కాయలున్న చెట్టుకు వట్టి డబ్బా ఏలాడతా ఉంటే మనసొప్పలేదమ్మా. శానా చిన్న ముక్కే ఏసినా."

"చీమలకు గూడా మర్యాదలా?" రంగయ్య పకపకా నవ్వాడు.

అంజలి నవ్వలేదు. "లెక్కంతా పాడైపోయింది. మళ్లా మొదలుపెట్టాల. ఈసారి గూడా ఇట్లయితే సరోజమ్మ తోటకు మార్చుకుంటా."

ఆ మాట సూటిగా తగిలింది. "ఆ డబ్బా దిక్కు పోతే ఒట్టు తల్లీ" అంది సుబ్బులమ్మ.

ఉపవాసాలు ఆమెకు కొత్త కాదు. కానీ అక్కడ చూసి మెచ్చుకునే దేవుడుంటాడు, రాత్రికి పలహారమూ ఉంటుంది. డబ్బాను వట్టిగా ఉంచే ఈ వ్రతానికి రెండూ లేవు. ఒక మధ్యాహ్నం కొంగున బెల్లం ముక్క కట్టుకుని ఆ చెట్టు దాకా వెళ్లింది. డబ్బా వైపు చూసింది. చుట్టూ చూసింది. చివరికి ముక్క తన నోట్లోనే వేసుకుని వెనక్కి తిరిగింది.

అంజలి మళ్లీ వచ్చి మూత తీస్తే, లోపల కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు. "భలే పెద్దమ్మా! ఒక్క ఈగ గూడా పడలేదు. ఇట్లనే ఉండాల. సీజనంతా ఈ తోటలోనే చేస్తా."

అవతలి గట్టు మీది నుంచి సరోజమ్మ గొంతు వినిపించింది. "ఏందక్కా, మీ డబ్బాలో ఒక్క ఈగన్నా పడలేదంటనే?"

సుబ్బులమ్మ చెవులు ఎర్రబడ్డాయి. తన చేతి కింద ఒక డబ్బా వట్టిగా ఉందని ఊరు వినేట్టు ఒప్పుకోవాల్సిన రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కొంగు బిగించి గట్టు వైపు తిరిగింది.

"పడలేదు సరోజా, వట్టిదే! దాన్ని అట్ల ఉంచడం ఎంత కష్టమో నీకేం తెలుసు?"