ముందు నన్ను ఎత్తి చూపించు

2023 చలికాలం మొదట్లో కువైట్‌లోని జాబ్రియా ప్రాంతం నుంచి మా రిహాబిలిటేషన్ సెంటర్‌కు ఒక ఫోన్ వచ్చింది. నేను అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టును. జబ్బు వల్లో ప్రమాదం వల్లో శరీరం మాట విననివాళ్ళు స్నానం, భోజనం, చదువు లాంటి రోజువారీ పనులు మళ్ళీ ఎలా చేసుకోగలరో చూడటం మా పని. మాది మండపేట దగ్గర ఊరు. కువైట్ వచ్చి పన్నెండేళ్ళయినా, "అంటే ఎక్సర్‌సైజులు చేయిస్తారాండీ?" అని అడిగే మనవాళ్ళకు ఇది వివరించడం ఇంకా పూర్తి కాలేదు.

ఫోన్ చేసినావిడ పేరు మరియం. కువైటీ. ఒకప్పుడు హైస్కూల్లో జాగ్రఫీ టీచరు. కారు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని భుజాల కింద కదలిక పోయింది. కుడి మణికట్టు మాత్రం కాస్త పైకి లేస్తుంది.

"సత్యా, ప్రభుత్వం ఇచ్చే ఇంటికి అప్లై చేశాను. మీ అసెస్‌మెంట్ కావాలి. ఒక్క సంగతి ముందే చెబుతున్నా, మా అమ్మకు ఇది ఇష్టం లేదు. వచ్చేటప్పుడు కాస్త ధైర్యం తెచ్చుకోండి" అంది నవ్వుతూ.

ఆ ఇళ్ళ గురించి చెప్పాలి. తీవ్రమైన వైకల్యం ఉండి రాత్రింబవళ్ళు మనిషి సాయం కావలసిన పౌరుల కోసం ప్రభుత్వ ఖర్చుతో తయారుచేసినవి. అన్నీ నేలమట్టంలోనే, మెట్లూ గడపలూ ఉండవు, తలుపులు వెడల్పు. పక్కగదిలో సహాయకురాలు ఉండొచ్చు. ఆవరణలో ఎప్పుడూ ఒక నర్సు ఉంటుంది. మంచానికి పైన కప్పుకు హాయిస్ట్ బిగించి ఉంటుంది. అంటే ఉయ్యాల లాంటి బట్టలో మనిషిని కూర్చోబెట్టి, మోటారుతో పైకెత్తి వీల్‌చెయిర్లోకి దించే యంత్రం. అడిగిన ప్రతివాళ్ళకూ ఇవ్వరు. ఆ మనిషికి ఏ సాయం ఎంత కావాలో, అక్కడ క్షేమంగా ఉండగలరో లేదో థెరపిస్టు చూసి రిపోర్టు రాయాలి. అదే అసెస్‌మెంట్. ఆ తర్వాత కమిటీ నిర్ణయిస్తుంది.

మరియం వాళ్ళది మూడో అంతస్తు. లిఫ్టు పాతది, ఆమె వీల్‌చెయిర్ అందులో పట్టదు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా మెట్ల మీదుగా మోసుకెళ్ళాలి. అందుకని ఆసుపత్రికి తప్ప ఆమె ఎక్కడికీ వెళ్ళడం మానేసింది.

ఆమెను చూసుకునే రవణమ్మది రాయచోటి దగ్గర. యాభైకి దగ్గర పడిన మనిషి. ఇంటి యజమానురాలిని, అంటే మరియం తల్లిని, ఇక్కడి పనివాళ్ళందరిలాగే మామా (అమ్మా) అంటుంది. మరియంను మాత్రం "మరియమ్మ" చేసేసింది.

"మామా రేతిరి సరిగా నిద్దరపోదు మేడమ్. కూతురి మంచం కాడనే కింద పండుకుంటాది. నేనుండాను గదా అంటే ఇనదు" అంది నాకు టీ ఇస్తూ.

మరియం తల్లిని అక్కడి పద్ధతిలో పెద్దకొడుకు పేరుతో ఉమ్ ఖాలిద్ అని పిలుస్తారు. భర్త లేరు. డెబ్భైకి దగ్గరలో ఉన్నా, నేను కొలతలు తీస్తున్నంతసేపూ నిలబడే ఉన్నారు. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"రిపోర్టు రాసేది నువ్వే కదా? కుదరదని రాయి."

"ఖాలా, చూసిందే రాస్తాను. లేనిది రాయలేను" అన్నాను. ఖాలా అంటే పిన్ని.

"నేను బతికుండగా నా కూతురు వేరే ఇంట్లోనా? జనం ఏమనుకుంటారు?"

జనం మాట పైపై మాటేనని నాకు అనిపించింది. "మీకు అన్నిటికంటే దేనికి భయం?" అని అడిగాను.

ఆవిడ చెప్పులు విడిచే చోట ఉన్న చిన్న బల్ల మీద కూర్చున్నారు. ఒకసారి మరియంకు మూత్రం గొట్టం మూసుకుపోయింది. నొప్పి తెలిసే శరీరం కాదు కదా, మూత్రం లోపలే నిండిపోయి బీపీ ఒక్కసారిగా పెరిగి ముఖం ఎర్రబడింది. ఇంటినిండా బంధువులు, కబుర్లు. ఎవరూ గమనించలేదు. తల్లి ఒక్కరే చూశారు. అంబులెన్సు కాస్త ఆలస్యమై ఉంటే ప్రాణం మీదికే వచ్చేదట.

"అక్కడ దాని ముఖం ఎవరు చూస్తారు?" అన్నారు.

"మీ భయం నిజమైనదే ఖాలా. రిపోర్టులో మొదటి మాట అదే రాస్తాను. దానికి ఏర్పాటు లేకపోతే కుదరదనే రాస్తాను" అన్నాను. ఆవిడ నా వంక అనుమానంగా చూసి తలుపు తీశారు.

రెండోసారి వెళ్ళినప్పుడు మరియంను అడిగాను, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారని. ఆమె నాకు జవాబివ్వబోతుంటే, "నాకు కాదు, అమ్మకు చెప్పండి" అన్నాను. మరియం తల్లి వైపు తల తిప్పింది.

"యుమ్మా, నీ తర్వాత నన్ను ఎక్కడ ఉంచాలో తమ్ముళ్ళు నిర్ణయిస్తారు. వాళ్ళు మంచివాళ్ళే. కానీ నిర్ణయం వాళ్ళది. నా ఇల్లు నేనే చూసుకోవాలి, అదీ నువ్వు ఉండగానే. నేను బాగున్నానని నువ్వు నీ కళ్ళతో చూడాలి."

ఉమ్ ఖాలిద్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చి, "ఆ ఇల్లు నాకు చూపించండి" అన్నారు.

ఎగైలా వైపు ఉన్న ఆ ఇంటికి ఉమ్ ఖాలిద్, రవణమ్మ, నేను మరుసటి వారం వెళ్ళాం. తమ్ముడి తోడుతో ఇంటి దగ్గరున్న మరియం వీడియో కాల్లో ఉంది, ఫోను నా చేతిలో. ఉమ్ ఖాలిద్ తలుపులు తోసి చూశారు, కుళాయిలు తిప్పారు, మంచం మీద కూర్చుని లేచారు. హాయిస్ట్ దగ్గర ఆగిపోయారు.

"దీంట్లోనా నా బిడ్డను వేలాడదీస్తారు? ముందు నన్ను ఎత్తి చూపించు" అన్నారు రవణమ్మతో.

"వద్దు మామా, భయపడతావు."

"యల్లా! కానియ్యి!"

అక్కడి నర్సు చూపించినట్టే బట్ట తొడిగి, కొక్కేలు తగిలించి, రవణమ్మ రిమోట్ నొక్కింది. నల్లటి అబాయాలో ఆ పెద్దావిడ మెల్లగా గాల్లోకి లేచారు. రెండు చేతులతో పట్టీలను పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఫోన్లోంచి మరియం నవ్వు మొదలైంది. "యుమ్మా, కిందికి చూడు!" అని అరుస్తోంది. ఆవిడ ఒక కన్ను తెరిచి, కాళ్ళు కొంచెం ఊపి చూసుకుని, ఆ తర్వాత ఆపుకోలేక నవ్వారు.

"చూసినావా మామా, ఎంత మెత్తగా ఎత్తుతాదో! నా నడుమూ బాగుపడతాది, నీ నడుమూ బాగుపడతాది" అంది రవణమ్మ.

కిందికి దిగగానే లోపం కూడా ఆవిడే పట్టుకున్నారు. నర్సును పిలిచే బెల్ గోడకు ఉంది, మరియంకు అందదు. దిండు పక్కన అమర్చి చెంపతో నొక్కగలిగే స్విచ్ కావాలని రిపోర్టులో రాశాను. నర్సుకూ రవణమ్మకూ ఆ బీపీ లక్షణాల మీద శిక్షణ ఉండాలనీ రాశాను.

అయినా మొదటి జవాబు కాదనే వచ్చింది. ఇంత ఎక్కువ సాయం కావలసిన మనిషికి విడి ఇల్లు కన్నా సంరక్షణ కేంద్రమే నయమని కమిటీ అభిప్రాయం. మళ్ళీ పరిశీలించమని మరియం కోరింది. ఆ విచారణ రోజు కమిటీ ముందుకు నాతోపాటు ఉమ్ ఖాలిద్ వచ్చారు, మరియం ఫోన్లో ఉంది. నేను నా అంశాలు చెప్పాక, ఛైర్మన్ మర్యాదగానే, "అమ్మా, తల్లిగా మీకు భయం లేదా?" అని అడిగారు.

"ఎందుకు లేదు? కుదరదని రాయమని ఈ అమ్మాయిని అడిగింది నేనే. తను రాయలేదు. నేను వెళ్ళి ఆ యంత్రంలో కూర్చున్నాను. మీలో ఎవరైనా కూర్చున్నారా?" అన్నారు.

కమిటీలో ఒకాయన నవ్వు దాచుకోవడానికి కాగితాల మీదికి వంగారు. అప్పుడు మరియం ఫోన్లోంచి, తనకు రోజు ఎలా గడుస్తుందో, ఎవరు ఏ పని చేస్తారో, బీపీ పెరిగితే ఏం చేయాలో తానే వరసగా చెప్పింది. పాఠం చెప్పే గొంతు. కొన్ని వారాల తర్వాత అనుమతి వచ్చింది, చెంప స్విచ్‌తో సహా.

వేసవి ముదరకముందే మరియం ఆ ఇంట్లో చేరింది. రవణమ్మ ఇఖామా, అంటే నివాస అనుమతి, మరియం పూచీ మీదికి మారింది. అలా పూచీ ఉండే యజమానిని కఫీల్ అంటారు.

"ఇప్పుడు నా కఫీల్ మరియమ్మే మేడమ్. ఊరికి పోవాలన్నా ఆమెనే అడగాల. బో స్ట్రిక్టు!" అంది రవణమ్మ, మరియంకు వినపడేటట్టే.

మరియం ఆ చుట్టుపక్కల పిల్లలకు ఆన్‌లైన్‌లో జాగ్రఫీ చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం చల్లబడితే తోడుగా రవణమ్మను తీసుకుని బయటికి వెళ్తోంది. అన్ని పనులకూ ఆమెకు ఇప్పటికీ మరొకరి చేతులు కావాలి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఆమె చెబుతుంది.

ఈ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. ఇంట్లోవాళ్ళు వద్దంటే ఇదివరకు ఎందుకు మంచిదో నచ్చజెప్పేదాన్ని. ఇప్పుడు వాళ్ళ భయమేమిటో ముందు అడుగుతాను. వద్దన్న మనిషి దగ్గరే చాలాసార్లు ఆ ఇంటికి కావలసిన జాగ్రత్తలన్నీ ఉంటాయి.

మొన్నామధ్య ఉమ్ ఖాలిద్ ఫోన్ చేశారు. గొంతులో ఫిర్యాదు.

"సత్యా, మధ్యాహ్నం వస్తానని నా కూతురికి చెబితే ఏమందో తెలుసా? ఇవాళ స్నేహితులు వస్తున్నారట, రేపు రమ్మంది! కన్నతల్లిని!"

"మరి ఏమన్నారు ఖాలా?"

"ఏమంటాను? సరే రేపు వస్తానన్నాను. తన ఇల్లు కదా."