ఎలాదియా ఊదని విజిల్

మెక్సికోలో, మా యుకతాన్ అడవుల్లో దయ్యాలు కూడా ట్రాఫిక్ నిబంధనలు పాటిస్తాయి. వాటికి ఆ బుద్ధి నేర్పింది ఎలాదియా కావిచ్. అన్ని నిబంధనలూ అంటే మరీ ఎక్కువవుతుంది. మలుపు తిరిగేటప్పుడు చెయ్యి చూపించడం వాటికి ఇంకా అలవాటు కాలేదు. ఆగమంటే మాత్రం ఆగుతాయి. మా మఠం బడిలో అబద్ధమాడిన పిల్లల నాలుకకు సిస్టర్లు సబ్బు రాసేవారు. ఆ రుచి నాకింకా గుర్తుంది కాబట్టి ఇక్కడి నుంచి ఉన్నదున్నట్టే చెబుతాను.

ఎలాదియా గైడు. హోటళ్ల నుంచి బయలుదేరిన బస్సును పొద్దున సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, జనాన్ని తెల్ల ఇసుకలో దొర్లనిచ్చి, మధ్యాహ్నం మా అడవిలోని పాత గుడి దిబ్బల దగ్గరికి తెస్తుంది. చిన్నప్పుడు ఇదే గేటు దగ్గర ఉప్పూ కారం చల్లిన నారింజ బద్దలు అమ్మేది. బేరమాడే యాత్రికుల నోటి నుంచే ఇంగ్లీషు నేర్చుకుంది. అందుకే ఇప్పటికీ ఆమె పాత రాజుల గొప్పలు చెబుతుంటే ఆ రాజుల్ని అమ్మకానికి పెట్టినట్టే ఉంటుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కర్రకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ముందు నడుస్తుంది.

బస్సు కదలగానే ఆమె మూడు మాటలు చెబుతుంది. "తాడు కట్టిన మెట్లెక్కొద్దు. బావి నీళ్లలో దిగేముందు ఒంటికి క్రీములు పూసుకోవద్దు. అడవిలో ఈల వినపడితే బదులివ్వొద్దు."

మూడో మాటకు అందరూ నవ్వుతారు. ఎలాదియా నవ్వదు. ఆమె అన్న గాస్పార్ ఒకసారి తేనెపెట్టెలు చూసుకోవడానికి అడవిలోకి వెళ్లి, ఎవరో ఈల వేస్తే సరదాకి తనూ వేశాడు. ఊరంతా గాలిస్తే దొరికాడు గానీ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేదు. అది అలూష్‌ల పనని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మోకాలెత్తు మనుషులు, పొలాలకు కాపలా. గుర్తుపెట్టుకుని మొక్కజొన్న గంజి పోస్తే చుట్టాలకంటే నయం. మర్చిపోతే ఈల వేసి దారి తప్పిస్తారు. బదులు పలికినవాణ్ణి ఇక వదలరు.

ఒక ఏడు వానాకాలంలో మోంతెర్రేయ్ నగరం నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చారు. వాళ్లలో అబుందియో అనే ముసలాయన రిటైరైన ట్రాఫిక్ పోలీసు. ఉద్యోగం పోయినా విజిల్ పోలేదు. దారి పొడుగునా డ్రైవరు నాబోర్ చెవిలో ఊదాడు. సముద్రంలో ఈదేవాళ్లను కుడి పక్కనే ఈదమని ఊదాడు. చివరికి ఆయన భార్య కాసిల్దా విజిల్ లాక్కుని తన మెడలో వేసుకుంది.

"ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. మా పిల్లలు భోజనానికి కూడా అలాగే వచ్చేవాళ్లు తల్లీ," అని ఎలాదియాతో మొరపెట్టుకుంది.

"మరి మీరో పెద్దమ్మా?"

"నేనా? నేను ఎర్ర లైట్లో కూడా వెళ్లిపోయేదాన్ని."

గుడి దిబ్బల దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. నేను గేటు దగ్గర అమ్మకానికి కట్టిన ఊయలలు విప్పుకుంటున్నాను. ఎలాదియా పరుగున వచ్చింది. చేతిలో కర్ర లేదు.

"తాతా, తెల్ల టోపీ పెద్దాయన ఇటొచ్చాడా?"

"రాలేదమ్మా. గేటు దాటితే నాకు కనబడడూ?"

ఆమె మొహంలో నెత్తురు లేదు. ఎందుకో నాకు తెలుసు. పెద్ద దిబ్బ వెనక నేల కుంగి ఒక బిలం నోరు తెరిచి ఉంటుంది. అడుగున నల్లటి నీళ్లు. చుట్టూ కట్టిన తాడును తీగలు ఎప్పుడో మింగేశాయి. తెలిసినవాళ్లమే పగలు కూడా అటు పోం.

మిగతా జనాన్ని బస్సులో కూర్చోబెట్టి, ఎలాదియా, కాసిల్దా, నాబోర్, నేను దిబ్బ వెనక్కి వెళ్లాం. ఎలాదియా తన గొంతంతా పెట్టి పిలిచింది.

"పిలిస్తే పలకడమ్మా," అంది కాసిల్దా. "ఆ చెవుల్లోకి మాటలు దూరవు. ఈలలూ విజిళ్లూ అయితేనే వింటాడు."

అప్పుడే వినపడింది. చెట్ల లోపలి నుంచి సన్నటి ఈల. ఎవరో పనిలేనివాడు తోటలో తిరుగుతున్నంత తీరిగ్గా.

కాసిల్దా విజిల్ నోటికి ఎత్తింది. ఎలాదియా దూకి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఊదొద్దు!"

"అదేంటి? ఆయనేనేమో!"

"నోటితో ఈల వేస్తాడా ఆయన?"

కాసిల్దా తడబడింది. "లేదు... కట్టుడు పళ్లు. వేస్తే ఊడొస్తాయి."

నాబోర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "అక్కా, నా మాట విని వెనక్కి పోదాం. పోలీసుల్ని పిలుద్దాం."

"వాళ్లు వచ్చేలోపు వాన కురిసి దారే కనబడదురా."

ఈల మళ్లీ వినపడింది. ఈసారి ఎడమ పక్క నుంచి. దాని వెనకే ఎండుపుల్లలు విరుగుతున్న చప్పుడు. బరువైన అడుగులు. ఈల ముందు, అడుగులు వెనక, రెండూ బిలం వైపే. మా ముందు ముళ్ల పొద; చుట్టు తిరిగి వెళితే అందుకోలేం.

ఎలాదియాకు అర్థమైంది. ఆమె పట్టు ఇంకా కాసిల్దా చేతి మీదే ఉంది.

"నీ భయానికి నా మొగుణ్ణి బలిస్తావా?" అంది కాసిల్దా. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీరు ఊదితే అది మీ వెంట వస్తుంది పెద్దమ్మా. మీ ఊరిదాకా వస్తుంది."

"రానీ. మా ఆయన కంటే ఎక్కువ సతాయిస్తుందా?"

పుల్లలు విరుగుతూనే ఉన్నాయి. ఎలాదియా అడవి వైపు చూసింది. తలుపు వైపు తిరిగి కూర్చున్న గాస్పార్ ఆమెకు కనబడ్డాడనే అనుకుంటాను. కాసిల్దా మెడలోంచి విజిల్ తాడు తీసేసుకుంది.

"ఒకసారి అంటే ఆగడమేగా?"

"ఒకసారే. పొట్టిగా."

ఎలాదియా కళ్లు మూసుకుని ఊదింది.

ఈల మధ్యలో తెగిపోయింది. అడుగులూ ఆగిపోయాయి. కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి. ఇది మాత్రం నేను కలిపింది కాదు.

ఆ నిశ్శబ్దంలో ముళ్లు గీసుకుపోతున్నా పట్టించుకోకుండా పొదలోంచి దూరి వెళ్లాం. అబుందియో బిలం అంచున నిటారుగా నిలబడి ఉన్నాడు. ఒక కాలు చెట్టు వేరు మీద, రెండోది వేయబోయి ఆపిన అడుగు. దాని కింద నేల లేదు. ఎలాదియా ఆయన బెల్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు.

"ఎవరది ఊదింది?" అని గద్దించాడాయన. "అనుమతి ఉందా?"

కాసిల్దా ఆయన్ని కొట్టింది, తర్వాత ఏడ్చింది. "ఎటు పోతున్నావయ్యా?" అని చెవిలో అరిచింది.

"బస్సుకే. ఎవరో పొట్టివాడు ఈల వేసుకుంటూ దారి చూపించాడు. విజిల్ వినగానే వాడూ ఆగాడే! ఈ రోజుల్లో అంత క్రమశిక్షణ ఎవరికుంది?"

నాబోర్ బస్సు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. మేమూ చూడలేదు.

ఇప్పుడు ఆ బిలం చుట్టూ రాళ్ల గోడ ఉంది. గోడ మీద ఎవరో తెల్లవారకముందే సొరకాయ బుర్రలో మొక్కజొన్న గంజి పెట్టి పోతున్నారు. ఎలాదియా ఇంకా బస్సులో ఆ మూడు మాటలూ చెబుతుంది. మూడోది ఈమధ్య కాస్త గొంతు తగ్గించి చెబుతోంది. భోజనాల పాకలో ఎప్పుడూ గోడకు ఆనుకునే కూర్చుంటోంది, మొహం గుమ్మం వైపు పెట్టి.

ఇదంతా కాగితం మీద రాసి, నిన్న గేటు దగ్గర ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. ఒకసారి చెట్ల వైపు చూసి, వాటికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది:

"అబద్ధం తాతా. ఎవరూ తప్పిపోలేదు. ఆయన చెట్టు చాటుకి వెళ్లాడు, వచ్చేశాడు. నువ్వు ఊయల్లో నిద్రపోతున్నావు. నేనసలు విజిలే ఊదలేదు."