రూతు ఊ కొట్టిన రోజు

ఈ పత్రిక చేతిలో పట్టుకున్న సహోదరులారా, సహోదరీలారా, పొయ్యి మీద ఏదైనా ఉంటే దించుకొని వచ్చి కాస్త దగ్గరగా కూర్చోండి. నా పేరు మరియమ్మ. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది కాబట్టి పెద్ద మాటలు నాకు రావు, కానీ జ్ఞాపకం మాత్రం దేవుడు నాకు దండిగా ఇచ్చాడు, ఆయన మా ఇంట్లో చేసిన మేలు నిన్నమొన్న జరిగినట్టు నా కళ్ల ముందే ఉంది, అది నలుగురికీ చెప్పకపోతే నా మనసు నిలవదు.

మాది విశాఖపట్నంలో జ్ఞానాపురం. మా ఆయన దేవదాసు హార్బరులో పని చేసేవారు, ఓడ కూత వింటే పిల్లలు లేచేవారు, చర్చి గంట వింటే నేను ఎసరు పెట్టేదాన్ని, అలా సాగిపోయే సంసారం మాది. ముగ్గురు పిల్లలు, పెద్దది రూతు, దాని తర్వాత యోహాను, చిట్టచివర ఎస్తేరు. రూతుకి పన్నెండో ఏడు నడుస్తుండగా నడుము నొప్పి అంది. తొక్కుడుబిళ్లలో కాలు జారిందేమో అనుకొని ఆముదం రాసి కాపడం పెట్టాను. నొప్పి తగ్గలేదు సరికదా, కింద పడిన పలక తీసుకోవడానికి కూడా పిల్ల వంగలేకపోయింది, కాళ్లు తిమ్మిరెక్కి తడబడింది. పెద్దాసుపత్రిలో ఫొటో తీసి వెన్నుపూసకి క్షయ పట్టిందన్నారు. చంకల దగ్గర నుంచి తుంటి దాకా పిండికట్టు వేసి, మందులూ సూదులూ రాసిచ్చి, ఏడాది దాకా చెక్క మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, లేవనివ్వకూడదు అన్నారు. మళ్లీ నడుస్తుందా బాబూ అని నేను కాళ్లావేళ్లా పడితే ఆ పెద్ద డాక్టరుగారు, "మందు మేమిస్తాం, తిండి మీరు పెట్టండి, కోలుకోవాలన్న పట్టు మాత్రం పిల్లకే ఉండాలమ్మా" అన్నారు. ఆ చివరి మాట అప్పుడు నా చెవిన పడింది గానీ మనసున పడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట క్రేను పని దొరికింది. ఉండడానికి రేకుల షెడ్డు. చుట్టూ ఎర్రమట్టి, పగలల్లా లారీలు, రాయి పగలగొట్టే చప్పుడు. దగ్గరలో బడి లేదు, ఉన్న బడి గాజువాకలో ఉంది, ఆ లారీల దారిలో చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపేదెలా, కదలలేని పిల్లని వదిలి నేను వాళ్ల వెంట వెళ్లేదెలా. అలా ముగ్గురి చదువూ ఆగిపోయింది.

రేకులు కాగిపోయే ఎండాకాలం, కట్టు లోపల దురద, చీపురుపుల్ల దూర్చి నెమ్మదిగా గోకేదాన్ని. మొదట్లో రూతు ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసింది. సహోదరీలారా, పిల్ల ఏడిస్తే తల్లికి భయం లేదు, ఏడుపు మానేస్తేనే భయం. దానికి తల ఒక్కటే తిరిగేది, ఆ తలని గోడవైపు తిప్పేసుకుంది. రెండు చెంచాల గంజి పోస్తే పెదవులు మూసేసేది. మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేసేది. మాట లేదు, పిలిస్తే పలుకు లేదు. డాక్టరుగారి చివరి మాట అప్పుడు నా మనసున పడింది.

ఒక ఆదివారం జ్ఞానాపురం నుంచి సుగుణమ్మ టీచరుగారు మమ్మల్ని చూడడానికి వచ్చారు. మా చర్చిలో సండేస్కూలు చెప్పే పెద్దావిడ. చేతిలో చిన్న రేకుపెట్టె, దాని నిండా పాత పిల్లల పుస్తకాలు, అన్నీ ఒకే కథ, ఒక పుస్తకం తర్వాత ఒకటిగా సాగే కథ. సముద్రం అడుగున ఉప్పురాజు అనేవాడు ముట్టుకున్నదల్లా ఉప్పురాయి చేసేస్తుంటే, నలుగురు పిల్లలు ఒక ముసలి తాబేలు వీపెక్కి ఆ దేశానికి వెళ్తారు. ఆవిడ చిన్నతనంలో ఆ పుస్తకాలు చదవని పిల్లలు లేరట.

"మరియమ్మా, బడి లేదని ఏడవకు. ముగ్గురికీ ఇదే బడి. చిన్నది అక్షరాలు ఏరుకుంటుంది, వాడు లెక్కలు నేర్చుకుంటాడు, పెద్దది అర్థం పట్టుకుంటుంది. కథ ఒక్కటే, ఎవరి ఆకలికి తగ్గట్టు వాళ్లు తింటారు."

"నాకు సదువు తక్కువ కదమ్మగారూ, తడుంకుంటాను."

"తడుముకుంటూనే చదువు. పరిగెత్తేవాళ్ల కంటే నిదానంగా నడిచేవాళ్ల వెంటే పిల్లలు బాగా వస్తారు."

షెడ్డులో ఇంకెక్కడా చోటు లేక ఆ పెట్టెని మూత తెరిచి రూతు పక్కన గోడకి ఆనించి పెట్టాను. అందులో లావు అక్షరాలున్న పుస్తకం ఏరుకొని మొదలుపెట్టాను. మా అమ్మమ్మది ఎలమంచిలి పక్క పల్లె, కథ చెప్తే వినేవాళ్లు ఊ కొట్టాలని, ఊ రాకపోతే కథ అక్కడికక్కడే ఆగిపోతుందని ఆవిడ పద్ధతి. నేనూ అదే పెట్టాను. ఒక్కో మాట దగ్గర ఆగుతాను, ముందు ఎస్తేరు ఊ అనాలి, తర్వాత యోహాను, ఆ తర్వాత రూతు. రూతు ఊ లేనిదే పుట తిప్పను అన్నాను, పిల్ల గొంతు ఒక్కసారి వింటే చాలన్న ఆశతో.

ఎస్తేరు ఊ అంది. యోహాను ఊ అన్నాడు. రూతు గోడనే చూస్తూ ఉంది. ఉండబట్టలేక ఎస్తేరు అక్క చెవి దగ్గర నక్కి గొంతు మార్చి, "ఊ" అంది.

"దొంగ ఊ సెల్లదే," అన్నాను.

"ఒలమ్మా, అక్కే అందే!"

సాయంత్రం మా ఆయనతో పాటు పక్క షెడ్డు అప్పలరాజు వచ్చి పుస్తకం చూసి, "ఏటి బావా, మీ ఇంటికాడ ఇస్కూలెట్టేసినారేటి? మా గుంటణ్ణీ అంపీమంటావేటి?" అని నవ్వాడు.

"మా ఇస్కూల్లో మేస్టారమ్మకే సదువు రాదు బావా, మీ వోడికేటొత్తాది," అన్నారు మా ఆయన.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రూతు నవ్వలేదు. పోనీ అని దాని ఊ రాకపోయినా కథ కొంచెం కొంచెంగా చదివాను, కానీ మూడు ఊలలో ఒకటి రాని కథ చప్పగా ఉండేది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి చిన్నవాళ్లు కూడా విసిగిపోయారు, పుస్తకం మూసేశాను. ఆ రోజు పిల్లకి ఒక్క చుక్క గంజి దిగలేదు. నేను షెడ్డు వెనక్కి వెళ్లి ఆ ఎర్రమట్టిలోనే మోకాళ్లూని ఇలా ప్రార్థించాను: "ప్రభువా, అందరూ దాని నడక కోసం అడుగుతున్నారు, నేనూ అడిగాను, ఈ పూట అది అడగను. నడక నీ ఇష్టం వచ్చిన రోజున ఇయ్యి తండ్రీ. ఈ పూటకి నాకు ఒక్క ఊ ఇయ్యి. నా బిడ్డ ఇంకా ఈ లోకం వైపే ఉందని నాకు తెలిసేలా ఒక్క ఊ." అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు.

మర్నాడు పొద్దున్న నేను గుమ్మంలో కూర్చొని రొయ్యలు ఒలుస్తున్నాను. యోహాను మట్టి మోసే ఇనప తట్ట వీపు మీద బోర్లించుకొని తాబేలు వేషం కట్టాడు, ఎస్తేరుని వెంటాడుతూ షెడ్డంతా గబగబా పాకుతున్నాడు.

"నాను ఉప్పురాజు బంటుని. నిన్నట్టుకెల్లి రాజుకిచ్చేత్తాను."

"కాదు."

గొంతు గోడవైపు నుంచి వచ్చింది, బొంగురుగా. నా చేతిలో రొయ్య జారిపోయింది. అందరం అటు చూశాం.

"తాబేలు రాజు మడిసి కాదురా," అంది రూతు. "రాజు మడిసైతే ఆ పిల్లని డిప్ప కింద ఎందుకు దాత్తాడు? అమ్మ సదివింది ఇన్నావేటి నువ్వు?"

సహోదరులారా, ఒక్క ఊ కొట్టని పిల్ల ప్రతి మాటా విన్నది.

"మరి ఆడెవడే?" అన్నాడు యోహాను తట్ట కిందనుంచి.

"ఆడెవడో ముందు పుస్తకంలో ఉంటాది. అమ్మ మూడోది ముందెత్తుకుంది." రూతు తల నా వైపు తిరిగింది, ఎన్నాళ్లకో. "పుస్తకాల ఈపు మీద అంకెలున్నాయి కదే అమ్మా. అవే సూత్తన్నాను ఇన్నాళ్లూ. ఎవులూ సరిగ్గా సదవరేటి ఈ ఇంట్లో?"

ఆ పెట్టెని అక్కడ పెట్టింది చోటు లేకే. పిల్ల గోడవైపు తిరిగిపోతే దేవుడు ఆ గోడ దగ్గరే దాని కోసం కాచుకొని కూర్చున్నాడు.

"ఇంకోటి," అంది తమ్ముడితో. "తాబేలు అలా పరిగెట్టదు. డిప్ప మోత్తే ఎలాగుంటాదో నీకేటి తెలుసు. తాబేలు ఏసం నాది."

"మంచం మీద నుంచేనేటి?"

"సముద్రమే మంచం కాడికి వత్తాది," అంది రూతు.

చేతులు కడగడం కూడా మరిచిపోయి, రొయ్యల వాసనతోనే ఒకటో పుస్తకం తీశాను. మొదటి మాట చదివి ఆగాను. ఎస్తేరు ఊ అంది. యోహాను ఊ అన్నాడు. నేను తల ఎత్తలేదు, ఎత్తితే ఏడుస్తానని భయం. అప్పుడు మంచం మీద నుంచి సన్నగా, నీరసంగా, మూడో ఊ వచ్చింది. దేవునికే మహిమ కలుగును గాక! పుట అయ్యేసరికి గిన్నెడు గంజి తాగింది.

ఆనాటి నుంచి మా బడికి మంచమే బల్ల, రూతే మేస్టారమ్మ. పుస్తకం మొహం మీదికి ఎత్తి పట్టుకొని చదివేది, చేతులు నొప్పెడితే యోహాను పట్టుకునేవాడు, అలా పట్టుకొని పట్టుకొని వాడికి తలకిందుల అక్షరాలు కూడా చదవడం వచ్చేసింది. ఎస్తేరు పుటకి ఎన్ని తాబేళ్లు వచ్చాయో వేలితో వెతికేది. ఉప్పురాజు కోట కట్టడానికి ఎన్ని బస్తాల ఉప్పు కావాలో యోహాను నేల మీద బొగ్గుతో లెక్క కట్టేవాడు. సముద్రం నీరు పళ్లెంలో ఎండబెట్టి ఉప్పు ఎలా మిగులుతుందో చూశాం. నేను పొయ్యి దగ్గర కూర్చొని వాళ్ల వెనకే కూడబలుక్కుంటూ, నాలుగో తరగతి దగ్గర వదిలేసిన చదువు మళ్లీ అందుకున్నాను. అప్పలరాజు కొడుకు కూడా నిజంగానే వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుంటే ఆ రేకుల వేడే గుర్తొస్తుంది, ఆ వేడిలో వరసగా వినబడే ఊలు గుర్తొస్తాయి.

రూతు మాత్రలు మింగింది, సూదులు ఓర్చుకుంది, తిండి తింది. కట్టు కోసిన రోజు మూడుసార్లు నిలబడబోయి కూలబడింది. ఒక్క రోజులో లేచి నడిచిందని చెప్తే అబద్ధం అవుతుంది, ప్రభువు నిదానంగానే నడిపించాడు, మంచం కోడు నుంచి గోడకి, గోడ నుంచి గుమ్మానికి. నా బిడ్డ చేత అడుగు వేయించింది ఆయనే, మందిచ్చిన ఆ డాక్టరుగారి చేతుల్ని కూడా ఆయనే దీవించాడు. నడుము దగ్గర చిన్న వంపు ఉండిపోయింది. ఎవరైనా అడిగితే, "అది తాబేలు గుర్తు" అంటుంది.

తర్వాత ఉక్కునగరంలో క్వార్టరు వచ్చింది, బడి వచ్చింది. ఇంతకు ముందు ఎక్కడ చదివావు అని హెడ్‌మాస్టరుగారు అడిగితే యోహాను, "మా అక్క మంచం కాడండి" అన్నాడు. చదివించి చూసి ముగ్గురినీ వాళ్ల ఈడు తరగతుల్లోనే వేసుకున్నారు.

ఇప్పుడు సుగుణమ్మగారు లేరు, ఆవిడ చోట సండేస్కూలు రూతే చెప్తుంది. మొన్న వెనక బల్ల మీద కూర్చొని విన్నాను. ఒక చిన్నపిల్ల మొహం గోడకి తిప్పుకొని కూర్చుంది. రూతు కోప్పడలేదు, కథ ఆపలేదు, తన కుర్చీ తీసుకెళ్లి ఆ గోడ పక్కనే వేసుకుంది. అది చూసి నాకు ఆ ఎర్రమట్టిలో చేసిన ప్రార్థన గుర్తొచ్చి, ఎవరూ అడగకుండానే ఊ అన్నాను. పిల్లలందరూ వెనక్కి తిరిగి నవ్వారు.

సహోదరీ, నీ ఇంట్లో కూడా ఎవరో గోడవైపు తిరిగి ఉన్నారేమో, లేక అది నువ్వేనేమో. దేవుడు మాత్రం తన కథ చెప్పడం మానలేదు. పెద్ద ప్రార్థన రాకపోతే ఊ అను, చాలు, మిగతా పుటలు ఆయన తిప్పుతాడు. మీ గడపలో జబ్బు నిలవకుండును గాక, మీ పిల్లల గొంతులు చిన్నదాని నుంచి పెద్దదాని వరకూ ఒక్కటీ తప్పకుండా రోజూ మీకు వినబడును గాక, ఆమెన్.